మూడు పొరల పడవ

యోహాను చేసిన పడవను యోహాను కాళ్ల ముందే విసిరికొట్టి, నలుగురిలో అతన్ని దొంగ అన్నారు. 2006 ఎండాకాలం. హైదరాబాదు శివారులో ఒక చెరువు గట్టు. బారెడు పొడవున్న ఆ చిన్న పడవ రిమోటుతో నడిచేది, పందేల కోసం చేసింది. మూడో చుట్టులో మలుపు తిరుగుతూ నడిమికి విరిగి రెండు ముక్కలైంది.

"మూడు పొరలకు ఫైబర్ బట్ట ఇచ్చిన. వీడు రెండేసి, ఒకటి అమ్ముకున్నడు," అన్నాడు వర్కుషాపు సేటు. నమ్మడానికి అక్కడున్న వాళ్లెవరికీ రెండు నిమిషాలు పట్టలేదు.

పక్కనే నిలబడ్డ సాంసన్‌కు నిజం తెలుసు. సాంసన్ యోహాను భార్య వసంతకు తమ్ముడు. బావ ఒక్కో పొర పరుస్తుంటే పక్కన కూర్చుని, బట్టను గట్టిపరిచే రెజిన్ జిగురు కలిపింది అతనే. మూడు పొరలూ అచ్చులోకి వెళ్లడం కళ్లారా చూశాడు. నోరు తెరిస్తే తన పని కూడా పోతుందని సేటు చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. యోహాను రెండు ముక్కలనూ సిమెంటు సంచిలో వేసుకుని ఒక్కడే నడిచి వెళ్లిపోయాడు.

పట్నం రాకముందు యోహాను కొల్లాపూర్ దిక్కున, కృష్ణ ఒడ్డున, చేపలు పట్టేవాళ్లకు కూలికి పుట్టీలు అల్లేవాడు. పుట్టి అంటే మనిషిని మోసే గుండ్రటి వెదురు గంప. అల్లిక మీద పట్టా ముక్కలు కప్పి డాంబరు పూస్తారు. ముక్కకూ ముక్కకూ అతుకు ఎప్పుడూ లావు బద్ద మీదికే రావాలి, అప్పుడు బరువంతా బద్ద మోస్తుంది. అతని వేళ్లు నేర్చుకున్న మొదటి పాఠం అది.

వర్కుషాపులో నీళ్ల ట్యాంకులు చేసేవాళ్లు. సేటుకు పందెం పడవల పిచ్చి. ఒకనాడు యోహాను చేతి నేర్పు చూసి పడవ పని అప్పగించాడు. గాజు దారాలతో నేసిన తెల్లటి బట్ట, వెన్నెల ముక్కలా చల్లగా ఉండేది. దాన్ని అచ్చులో పరిచి కుంచెతో రెజిన్ అద్దితే తెలుపు మెల్లగా కరిగి, బట్టే లేనట్టు మాయమయ్యేది. దాని మీద ఇంకొకటి, అదీ మాయం.

"సూడు బామ్మర్ది," అనేవాడు యోహాను, ఎవరో నిద్రపోతున్న చోట మాట్లాడినట్టు. "బట్ట నీళ్లయిపోయింది. ఉన్నదని మనకే ఎర్క."

"నీకే ఎర్క. నాకు తలకాయ నొప్పే ఎర్క," అనేవాడు సాంసన్, రెజిన్ వాసనకు ముక్కు మూసుకుని.

ఆ మాయమే తర్వాత యోహాను మెడకు చుట్టుకుంది. దొంగన్న మాట అతనికంటే ముందే ఊరు చేరింది. పుట్టీకి వెదురు మీద ఫైబర్ వేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని ఒడ్డున ఎంత చెప్పినా ఎవరూ పని ఇవ్వలేదు. "ఎన్ని పొరలు ఏసినవో ఎవనికెర్క? నడుమ నీళ్లల్ల తెలుస్తది," అని నవ్వేవాళ్లు. అతను మామిడి తోటల్లో కాయలు కోసే కూలికి పోయాడు.

పడవ వెనక సగంలో వసంత కోళ్లకు నీళ్లు పెట్టేది. ముందు సగం చూరుకు వేలాడేది. పొద్దున ఎండ దానిలోంచి దూరి గోడ మీద తేనె రంగు మరక వేసేది. యోహాను ఆ మరకను చూస్తూ కూర్చునేవాడు. ఎండ కదిలితే మరక కదిలేది, గోడ మీదే పడవ పోతున్నట్టు. తాను మూడు వేశాడు. మరి ఎందుకు విరిగింది?

2009లో కృష్ణ పొంగి ఒడ్డునున్న పుట్టీలన్నీ కొట్టుకుపోయాయి. అక్కను చూడ్డానికి సాంసన్ వచ్చినప్పుడు, చేపలు పట్టే ముసలి భీమయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అతనికి కొత్త పుట్టి కావాలి. ఫైబర్‌దే కావాలి. కానీ పాత అనుమానం ఉంది.

"నా ఇద్దరు కొడుకులు దాంట్లనే పోతరు యోహానూ. నీ మాట ఎట్ల పట్టుకోవాలె?"

సాంసన్ గొంతు సవరించుకున్నాడు. యోహాను అతని వైపు చూడకుండానే లేచి, చూరు కింది ముక్క దించి పొయ్యిలో పెట్టాడు. వర్కుషాపు వెనక గుంతలో చెత్త తగలబెట్టే పని సాంసన్‌దే. రెజిన్ కాలిపోతుందని, గాజు బట్ట కాలదని ఇద్దరికీ తెలుసు.

"గోడ మీద బొమ్మ పోతది గదయ్యా," అంది వసంత మెల్లగా.

నల్లటి పొగ లేచింది. పొగ తేలిపోయాక, ఎర్రటి నిప్పుల మీద, మూడేళ్ల కింద మాయమైన బట్ట మళ్లీ తెల్లగా తేలింది. యోహాను పుల్లతో ఒక్కో పొర లేపాడు, ఉల్లిపొర లేపినట్టు. ఒకటి. రెండు. మూడు.

భీమయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

యోహాను మాత్రం ఇంకా వంగే ఉన్నాడు. విరిగిన అంచు దగ్గర తెగిన దారాలు లేవు. మూడు పొరలూ కత్తెరతో కోసినట్టు ఒకే గీత మీద ఆగిపోయాయి. పడవ చేసిన రోజు తాను బట్ట చుట్ట చివర మిగిలిన పొట్టి ముక్కలు వాడాడు. పుట్టీకి పెట్టినట్టే అంచుకు అంచు కలిపి, అతుకులన్నీ ఒక్క చోటే పెట్టాడు. ఆ గీత కింద బరువు మోయడానికి వెదురు బద్ద లేదు. చూసింది తనొక్కడే. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"పెద్దయ్యా, దొంగతనం చెయ్యలే. కానీ తప్పు నాదే," అని వేలు పెట్టి చూపించాడు. "అతుకులు ఎడమెడంగ రావాలె. ఒకదాని మీద ఇంకోటి ఎక్కాలె. నీ పుట్టీకి గట్లనే ఏస్త."

భీమయ్య వంగి ఆ గీతను చూశాడు. "తప్పు సూపిచ్చినోడే సక్కగ ఏస్తడు తీ," అన్నాడు. "ఎల్లుండి వెదురు తెస్త."

మర్నాడు సాంసన్‌ను బస్సెక్కించడానికి యోహాను రోడ్డు దాకా వచ్చాడు. దూరంగా బస్సు కనబడగానే సాంసన్ బావ వైపు తిరిగాడు.

"బావా, ఆ దినం నేను చెప్పాల్సుండె."

"చెప్పినా ఇరిగిన పడవ అతుక్కునేది గాదు బామ్మర్ది," అన్నాడు యోహాను, అతని సంచి అందిస్తూ. "కాకుంటే ఆ గట్టు మీదికెల్లి ఇద్దరం కలిసి నడుసుకుంట వస్తుంటిమి."