తొందరపడ్డ పిరోగ్

మా ఇంజనీరు రొదియోన్ సవేల్యిచ్ గారి బతుకంతా ఒకే ఇంజను. దానికి పొగా లేదు, మంటా లేదు. కరెంటుతో వాయువును సన్నగా బయటికి చిమ్ముతుంది. అరచేతిలో కాగితం ముక్క ఎంత బరువో అది తోసే బలం అంత.

"అది ఈగనైనా తోలుతుందా అండీ?" అని పక్క విభాగం వాళ్ళు ఆటపట్టించేవారు.

"ఈగ ఓపిగ్గా కూర్చుంటే తోలుతుంది" అనేవారాయన.

నేను ఏడో తరగతితో చదువు మానేసి, ఆ ఇంజనును పరీక్షించే ఇనుప గదిని స్పిరిటుతో తుడిచే పనిలో చేరాను. ఎవరైనా ఎదురుపడితే నాకు నోరు పెగలదు. అందుకని మాటలకు బదులు పిండి పిసుకుతాను. నా తెలివి అక్కడే బయటపడింది.

1971 డిసెంబరు చివర్లో మా కాలినిన్‌గ్రాద్ ఇంజన్లు రెండు ఉపగ్రహంతో పైకి వెళ్ళాయి. అవి ఉపగ్రహాన్ని కాస్తయినా ఎత్తుకు జరపకపోతే మా విభాగం మూత. ఆయన మళ్ళీ తన పాత పంపుల మరమ్మతు పనికే పోవాలి. ఫిబ్రవరిలో వాటిని వెలిగించే రోజు పొద్దున్నే క్యాబేజీ కూరి పిరోగ్ అనే మా పెద్ద రొట్టె కాల్చి, పైన పిండి అక్షరాలతో "అభినందనలు" అని అతికించి పట్టుకెళ్ళాను.

మా తుడిచేవాళ్ళకు పెద్ద నీనా గర్దేయెవ్నా పైన కప్పిన గుడ్డ ఎత్తి చూసింది. "ఓసి తాయా, పిచ్చిమొహమా! పుట్టినరోజుకే ముందుగా శుభం పలకమే, కీడు అని! పురుడు కాకుండానే బారసాలా?" అని దిష్టి తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మింది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. మొదటి ఇంజను వెలిగింది గానీ ఉపగ్రహం పక్కకు తిరగసాగిందట, ఆపేశారు. అందరి కళ్ళూ పిరోగ్ మీదికి మళ్ళాయి. ఆకాశంలో ఉపగ్రహాన్ని మెలితిప్పింది నా క్యాబేజీయేనని నేనూ నిశ్చయించుకుని, బీరువా వెనక నక్కి కత్తితో అక్షరాలు గీకసాగాను.

"ఏం చేస్తున్నావు తల్లీ?" రొదియోన్ సవేల్యిచ్ గారు.

"చెరిపేస్తున్నానండీ."

"పారేయకు. కిటికీ రెండు అద్దాల మధ్య చలిలో పెట్టు, పాడవదు. రెండో ఇంజను పని ముగించేదాకా ఎవరూ ముట్టకూడదు."

రెండోది వెలిగింది. వారం పైగా తోస్తూనే ఉంది. ఆయన ముఖం పీక్కుపోయింది. పిరోగ్ మాత్రం రోజూ అద్దంలోంచి నన్ను వెక్కిరించేది.

చివరికి ఫోను ఎత్తిన నీనా గర్దేయెవ్నా "లేచింది! పైకి లేచింది!" అని అరిచి, కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆయన చలికి రాయిలా గట్టిపడ్డ పిరోగ్‌ను బల్ల అంచుకేసి కొట్టి, ముక్క విరిచి టీలో ముంచారు. గీకినచోట అక్షరాల తెల్లమచ్చలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

"కూర్చో తాయా. ఇది తినడమూ మన ఇంజను పనే. నెమ్మదిగా తోయాలి."

నాకూ ఒక ముక్క ఇచ్చారు. సాయంత్రం దాకా నములుతూనే ఉన్నాను. ఎవరితోనూ మాట్లాడాల్సిన బాధ తప్పింది.