కొంగల జట్టులో సమ్సోను

రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, రాజమండ్రి ట్రాఫిక్‌లో మిగిలిన ఓపిక కాస్తా పారేసుకుని ఇంటికొచ్చాక నేను చేసే మొదటి పని చిన్న గిన్నెలో కొబ్బరినూనె వేడిచేసి, అందులో కర్పూరం బిళ్ళ వేయడం. ఆ ఘాటుకి మా అమ్మాయి మూతి ముడుచుకుని గది తలుపు వేసుకుంటుంది. నేను మాత్రం అరికాళ్ళకి నూనె రాసుకుంటూ, ఈ కాళ్ళని వదిలేసి మా బాబాయి కుడి మోకాలి గురించి ఆలోచిస్తాను. ఆ వాసన నాకు మొదట తెలిసింది ఆ మోకాలి దగ్గరే. మా నాన్నమ్మ సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, మాట్లాడకుండా, అరచెయ్యంతా నూనె చేసుకుని దాన్ని మర్దన చేసేది. బాబాయి కూడా ఏమీ మాట్లాడకుండా వీధి వైపు చూసేవాడు.

మాది రాజోలు దగ్గర కాలవ గట్టు ఊరు. ముసురు పట్టిందంటే వారం రోజులు పెరట్లో కొబ్బరి డొక్కలు తడిసి ముక్కవాసన కొట్టేవి, పొయ్యి అంటుకోక అమ్మ విసుక్కునేది, మేం పిల్లలం చూరు కింద నిలబడి కారే నీళ్ళకి అరచేతులు పట్టేవాళ్ళం. వేసవిలో ముంజెలు, ఆ పైన పనసతొనలు, చలికాలంలో కాల్చిన తేగలు, క్రిస్మస్ దగ్గర పడుతుంటే అరిసెలు, పోకుండలు, వాటి కోసం దంచిన తడిపిండి వాసన. నాన్న బళ్ళో హెడ్మాస్టరు. నాన్నమ్మ, కరుణమ్మ, చిన్నతనంలో ఊడ్పులకి వెళ్ళిన మనిషి, పెద్దకొడుకు హెడ్మాస్టరయ్యాక కూడా కుర్చీలో కూర్చోవడం ఆవిడకి అలవాటు కాలేదు. మా చర్చి వెనక కొబ్బరితోటలో ఇసక పరిచి గీతలు గీసిన కబడ్డీ కోర్టు ఉండేది. అక్కడ కూతకెళ్ళేవాళ్ళలో మా బాబాయి సుధాకర్‌ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని ఊళ్ళో అందరూ అనేవారు. నేను చిన్నపిల్లని కాబట్టి ఇంకొంచెం ఎక్కువే అనేదాన్ని.

షష్ఠి తీర్థాలకి పోటీలు పెట్టే ఊళ్ళు చాలా ఉండేవి. అలాంటి ఒక ఊళ్ళో, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సెలక్షన్లు కొద్ది రోజుల్లో ఉన్నాయనగా, ఇద్దరు కలిసి బాబాయి చీలమండ పట్టేశారు. ఒళ్ళు ఒక వైపు తిరిగింది, మోకాలు ఇంకో వైపు తిరిగింది. కాకినాడలో డాక్టరు ఆపరేషన్ చేస్తే నడక బాగుంటుంది గానీ ఆట మాట మాత్రం చెప్పలేనన్నాడు. ఆట లేని కాలు బాగుంటే ఎంత, బాగోకపోతే ఎంత అన్నట్టు బాబాయి మంచం మీద నించి లేచి ఇంటికొచ్చేశాడు. ఆ ఆదివారం మా పాస్టరు అయ్యగారు గుళ్ళో పేరుపెట్టి ప్రార్థన చేశారు. బెంచీల మీద వాళ్ళందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు. ఇంటికొచ్చాక బాబాయి చాలా నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, ఇంకోసారి గుళ్ళో నా కాలి ఊసెత్తేరంటే నేను గుడికే రాను."

నాన్నమ్మ "సరేరా" అంది. ఆవిడ మాటంటే మాటే. మా ఇంట్లో రోజూ జరిగే కుటుంబ ప్రార్థనలో ఎదురింటి గేదె ఈత దగ్గర్నించి ఢిల్లీలో ప్రభుత్వం దాకా అన్నీ వచ్చేవి. ఆ మోకాలు మాత్రం వచ్చేది కాదు. నూనె రాయడం ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత బాబాయి రాజోలు సెంటర్లో ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాడు. చెక్క అరలు, వాటికి పూల కర్టెన్లు, వేడెక్కిన కంప్యూటర్ల వాసన, కరెంటు పోతే ఒక్కసారిగా అందరి నోటా వచ్చే అదే నిట్టూర్పు. బడి అయ్యాక బస్సు వచ్చేదాకా నన్ను అక్కడే ఉంచేవారు కాబట్టి, సమ్సోను పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

అది అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. పేరుకే ఫుట్‌బాల్ గానీ బంతి చేతిలో పట్టుకుని పరిగెడతారు. పోనీ అదైనా నిజంగా ఆడతారా అంటే అదీ లేదు. ఎక్కడెక్కడి వాళ్ళో, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, తలా ఒక ఆటగాణ్ణి కల్పించుకుని ఒక జట్టులో చేర్చుతారు, వారం వారం వచ్చే పాయింట్లని వాడి వేగానికీ బలానికీ పంచుతారు, మ్యాచ్ మొత్తం కంప్యూటరే ఆడేసి ఎవడు ఎటు పరిగెత్తాడో వరసగా అక్షరాల్లో చెబుతుంది. బొమ్మ కూడా ఉండదు. నాన్న ఒకసారి వచ్చి చూసి, "ఆడేవాడు లేడు, బంతి లేదు, దీనికి పెద్దవాళ్ళు కూడా కూర్చుంటున్నారా" అని వెళ్ళిపోయారు. బాబాయికి మాత్రం అందులో రన్నింగ్ బ్యాక్ అనే స్థానం కంటపడింది. బంతి తీసుకుని ఎదురుగా ఉన్న గుంపులోకి ఒక్కడే దూరి, పట్టుకునే చేతులన్నీ తప్పించుకుంటూ ముందుకెళ్ళేవాడు. "ఇది కూత లేని కబడ్డీయేనే పిల్లా" అన్నాడు నాతో. ఎన్నో నెలల తర్వాత ఆ గొంతులో కొంచెం ఉత్సాహం విన్నాను.

బలవంతుడి పేరు కావాలని సమ్సోను అని పెట్టాడు. ఆ లీగులో అందరికన్నా అడుగున ఉన్న జట్టు వాణ్ణి తీసుకుంది. జట్టు పేరుకి అర్థం కొంగలని నాన్న చెప్పారు, చెబుతున్నప్పుడు ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. మొదటి సీజనంతా మా సమ్సోను బెంచీ మీదే కూర్చున్నాడు. ఆటగాడి గురించి ఏదైనా రాసి పెడితే అదనంగా పాయింట్లు ఇచ్చేవారు. దాంతో బాబాయి, డిగ్రీలో తప్పిన ఇంగ్లీషుతోనే, సమ్సోను గోదావరి గట్టున పుట్టాడని, కొబ్బరి గెలలు మోసి భుజాలు పెంచాడని, మ్యాచ్ ముందు బొండం నీళ్ళు తప్ప ఇంకేమీ తాగడని, వాళ్ళమ్మ పులస వండిన రోజున ఎవడూ వాణ్ణి పట్టుకోలేడని రాసేవాడు. ప్రతి మ్యాచ్ అయ్యాక అవతలి జట్టుకి 'గౌరవనీయులైన అయ్యలకు' అని మొదలుపెట్టి కృతజ్ఞతలు రాసేవాడు. మొదట్లో వాళ్ళు నవ్వారనుకుంటాను. కొన్నాళ్ళకి వాళ్ళు కూడా ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకోవడం మొదలుపెట్టారు.

రెండో సీజన్‌లో వాడికి ఆట దొరికింది, మూడో సీజన్‌కల్లా లీగులో అందరికన్నా ఎక్కువ గజాలు పరిగెత్తినవాడు సమ్సోను. ఫలితం వచ్చిన సాయంత్రం బాబాయి తెర మీద వరసల్ని తెలుగు చేసి నాకు చదివేవాడు. ఎడమ పక్క నించి దూరేడు, ఒకణ్ణి తప్పించేడు, ఇద్దరు పట్టేరు, వాళ్ళని కూడా ఈడ్చుకుంటూ గీత దాటేడు. చదువుతున్నంతసేపూ బల్ల కింద ఆయన కుడికాలు కదులుతూ ఉండేది. అలా కదిలితే నొప్పి పుడుతుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆ లీగులో ఆటగాళ్ళకి దెబ్బలు తగిలించేది కూడా కంప్యూటరే. నాలుగో సీజన్ మధ్యలో, పండు మిరపకాయలు అరుగు మీద ఆరబోసిన రోజుల్లో, బాబాయి అన్నం ముట్టకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నాన్నమ్మ ఏంట్రా అని అడిగింది.

"సమ్సోనుకి మోకాలు పోయిందమ్మా."

ఆ పేరు ఆవిడ రోజూ వింటున్నదే. అమెరికాలో ఉండే ఎవరో కుర్రాడనీ, మన బాబు అతనికి ఉత్తరాలు రాస్తుంటాడనీ ఆవిడ అనుకుంటోంది. ఆవిడకి అలా చెప్పినవాళ్ళూ లేరు, కాదన్నవాళ్ళూ లేరు. ఆ పూట కుటుంబ ప్రార్థనలో సమ్సోను మోకాలు వచ్చింది. అదే మోకాలు ఆ గురువారం చర్చి స్త్రీల ప్రార్థన కూడికలోకీ వెళ్ళింది. పరదేశంలో తల్లికి దూరంగా ఉన్న బిడ్డ అని నాన్నమ్మ చెప్పగానే ఆడవాళ్ళందరూ చాపల మీద మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించారు. పక్కన కూర్చున్న నేను కూడా కళ్ళు మూసుకున్నాను. ఎవరి కాలు కోసం అడుగుతున్నానో నాకే సరిగ్గా తెలియలేదు.

తర్వాతి సీజన్‌కి సమ్సోను లేచాడు. లేవడమే కాదు, కొంగల జట్టు మొత్తం లీగునే గెలిచింది. నాన్నమ్మ గుళ్ళో లేచి నిలబడి, ప్రార్థనతో ఆ అమెరికా బిడ్డ కాలు బాగుపడిందని సాక్ష్యం చెప్పింది. బాబాయి మగవాళ్ళ వైపు చివరి బెంచీలో తలవంచుకుని కూర్చున్నాడు. అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది గానీ, ఇంట్లో ఆ కొద్ది రోజులు పండగలా ఉండేది, దాన్ని పాడుచేయడం ఎవరికీ మనసొప్పలేదు.

ఆ లీగులో ఆటగాళ్ళకి వయసు కూడా మీదపడేది. ఆ తర్వాత ప్రతి సీజన్‌కీ వాడి వేగం కొంత, బలం కొంత వాటంతటవే తరిగిపోయేవి. బాబాయి సంపాదించిన పాయింట్లన్నీ తీసుకెళ్ళి ఆ కన్నంలోనే పోసేవాడు. సమ్సోను మళ్ళీ బెంచీ మీదికి చేరాడు. జట్టు నడిపే ఆయన, ఎవరో ఏ దేశమో, 'సర్, ఇక సమ్సోనుకి విశ్రాంతినిద్దాం' అని మర్యాదగా రాశాడు. బాబాయి ఇంకొక్క సీజన్ అన్నాడు. మళ్ళీ ఇంకొక్కటి అన్నాడు. ఈలోగా పెళ్ళి సంబంధాలు చెప్పేవాళ్ళు రావడం మానేశారు, పరీక్షలకి కట్టమని నాన్న తెచ్చిన దరఖాస్తులు చూరులోనే పాతబడ్డాయి. నాన్న విసిగిపోయారు. అమ్మ విసిగిపోయింది. విసుగు పడని మనిషి నాన్నమ్మ ఒక్కతే, ఆవిడకి కూడా నూనె రాస్తున్నప్పుడు చేతులు నొప్పి పుట్టడం మొదలైంది.

ఆ డిసెంబరులో అరిసెల పాకం పొయ్యి మీద ఉండగా అయ్యగారు ఇంటికొచ్చారు. కాఫీ తాగి, "సుధాకర్ గారూ, ఆ అమెరికా సహోదరుడి అడ్రసు ఇప్పించండి. క్రిస్మస్ ఆరాధనలో ఆయన సాక్ష్యం చదివిద్దామండి, ఫొటో ఉంటే మరీ మంచిదండి" అన్నారు. బాబాయి "ఆయ్, చూస్తానండి" అని ఆయన్ని గేటు దాకా సాగనంపి, కుంటుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, సమ్సోను అని ఎవడూ లేడు. కంప్యూటర్లో నేనే పెట్టుకున్న పేరు."

నాన్నమ్మ పాకం కలుపుతూనే ఉంది. అమ్మ చేట కిందపెట్టింది. నాన్నమ్మ, ఆయన వైపు చూడకుండానే, చెప్పింది.

"లేనోడి కాలికి ఊళ్ళో ఆడోళ్ళందరం మోకరించేంరా. ఉన్నోడి కాలి ఊసెత్తకూడదని నా నోరు కట్టేసేవు. ఇన్నాళ్ళూ నూనె రాత్తానే ఉన్నాను, ఒక్కసారి దేవుణ్ణి అడగనియ్యలేదు నువ్వు."

ఈలోగా ఆ పాకం ముదిరిపోయింది. ఆ ఏడు మా అరిసెలు పంటికి తెగలేదు, అయినా ఎవరూ ఆ మాట ఎత్తకుండా తిన్నాం.

మర్నాడు బాబాయి అయ్యగారి ఇంటికి వెళ్ళి నిజం చెప్పుకున్నాడు. ఆ వారమే సమ్సోను ఆట మాన్పించాడు. లీగులో వాళ్ళు వాడికి వీడ్కోలు పేజీ పెట్టారట, ముక్కూ మొహం తెలియనివాళ్ళెందరో దుఃఖపడుతూ రాశారట. బాబాయి అది నాకు చదివి వినిపించలేదు. నెట్ సెంటర్ మానేసి పరీక్షలు రాశాడు, గుమాస్తా ఉద్యోగం వచ్చింది, ఆలస్యంగా పెళ్ళయింది. మోకాలు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరు ఆపరేషన్ మాటెత్తినా "చూద్దాంలే" అనేవాడు. గుళ్ళో ప్రార్థన చేయనిమ్మని నాన్నమ్మ కూడా మళ్ళీ అనలేదు, ఆవిడకి ఒకసారి ఇచ్చిన మాట అలాగే ఉంది. ఇద్దరిలో ఒక్కరైనా నోరు విప్పితే బాగుండునని నేను ఏళ్ళ తరబడి అనుకున్నాను. వాళ్ళ మొండితనం చూసి చూసి నాకే అలసట వచ్చింది.

ఇప్పుడు నెట్ సెంటర్ ఉన్న చోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. చర్చి వెనక తోట కొట్టేసి ఫంక్షన్ హాలు కట్టారు. కూడికలో మోకరించిన ఆడవాళ్ళలో చాలామంది లేరు, ఉన్నవాళ్ళు కుర్చీల్లోనే ప్రార్థన చేస్తారు. ఆ లీగు కోసం మొన్నామధ్య ఫోన్లో వెతికాను, ఆ పేజీ లేదని వచ్చింది. సమ్సోను అంత పరుగు ఎక్కడికి పోయిందో తెలియదు.

నాన్నమ్మ పోయి ఏడాదైంది. జ్ఞాపకార్థ కూడికకి ఊరు వెళ్ళాం. అయ్యగారు కొత్తవారు, కుర్రవారు, మా వాళ్ళెవరూ ఆయనకి పెద్దగా తెలియదు. ప్రార్థన మనవులుంటే చెప్పమన్నారు. ఒకరు సుగరన్నారు, ఒకరు పిల్ల పరీక్షలన్నారు. ఆ తర్వాత చివరి వరసలో కుర్చీ కిర్రుమంది. జుట్టు నెరిసిన మా బాబాయి ముందు కుర్చీ పట్టుకుని లేస్తున్నాడు.

"నా మోకాలండీ. కుడిది. చాలా కాలం నించండీ."

"పేరు చెప్పండి" అన్నారు కొత్త అయ్యగారు.

"సుధాకరండీ. కరుణమ్మ గారబ్బాయిని."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆ మాట గుళ్ళో చెప్పడానికి సెలవు కోసం బతికినంతకాలం కాచుకున్న మనిషి లేకుండా పోయాక, అది ఈయన నోటి నించే వచ్చింది. అందరం తలలు వంచాం. అయ్యగారు కళ్ళు మూసుకుని, కరుణమ్మ గారి అబ్బాయి సుధాకర్ కుడి మోకాలు, ప్రభువా, అని మొదలుపెట్టారు.