చెన్ గారి బొమ్మలకు విమలకుమారి గొంతు

శాంటా క్లారాలోని తెలుగు చర్చిలో విమలకుమారి సండే స్కూల్ పిల్లలకు కథ చెబితే రాజుకో గొంతు, గాడిదకో గొంతు ఉంటాయి. నరసాపురం నుంచి వచ్చి పాతికేళ్లు దాటినా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఆ గొంతుల్ని ఏమీ చేయలేకపోయింది.

నిరుడు వేసవిలో ఆమె జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్లు బిగుసుకుపోయాయి. థెరపీ వాళ్లిచ్చిన రబ్బరు బంతిని పెరట్లో కూర్చుని విసుగ్గా పిసుకుతుంటే, కంచె అవతలి నుంచి పక్కింటి చెన్ గారు చూశారు. తైవాన్‌లో పుట్టి, ఇక్కడ చిప్‌ల కంపెనీలో రిటైరైన పెద్దాయన. వాళ్లిద్దరిదీ ఇంగ్లీషు స్నేహం.

"ఆ బంతి పక్కన పెట్టి ఇది వేసుకోండి" అంటూ ఒక బొమ్మను అందించారు. చెక్క తల, పట్టు అంగీ. చూపుడువేలు తలలోకి, బొటనవేలు ఒక చేతిలోకి, మిగతా వేళ్లు రెండో చేతిలోకి వెళ్లాలి. తైవాన్‌లో దీన్ని పోతేహీ అంటారట. గుడి ముందు దేవుడి కోసం ఆడే బొమ్మలాట.

మొదట బొమ్మ తల వాల్చేసింది. నెల తిరిగేసరికి నమస్కారం పెట్టింది, గడ్డం నిమిరింది. విమలకుమారి శనివారాలు చెన్ గారి గరాజ్‌లో రిహార్సల్‌కి వెళ్లసాగింది. అక్కడ బంగారు రంగు వేసిన చెక్క రంగస్థలం పాతకాలానిది. దాని వెనక ఆయన మేనకోడలు పెట్టిన ఎల్ఈడీ తెర, లాప్‌టాప్ డప్పులు, పొగ మెషీన్ ఈ కాలానివి. గొంతు మాత్రం ఒక్కటే. అన్ని పాత్రలకూ చెన్ గారే మాట్లాడేవారు.

పార్కులో పండగ ప్రదర్శన రోజు పొద్దున ఆయన గొంతు పూర్తిగా పోయింది. కాగితం మీద రాసి చూపించారు: మీరే మాట్లాడాలి.

"నాకు మీ భాష రాదు" అంది విమలకుమారి.

ఆయన మళ్లీ రాశారు: వచ్చే పిల్లలకూ రాదు.

విమలకుమారి భర్త సుందర్ రాజ్ ఆమె ముఖం చూసి, "చర్చిలో చేసేదేగా విమలా, భయమెందుకు?" అన్నాడు.

కథ చిన్నది. కత్తివీరుడు నది దాటాలి, పడవ నడిపే ముసలమ్మ దాటించదు. వీరుడికి విమలకుమారి ఇంగ్లీషే వాడింది. ముసలమ్మ వంతు వచ్చేసరికి నోట్లోంచి నరసాపురం ఊడిపడింది.

"ఆగవయ్యా బాబూ. కత్తి పట్టుకొచ్చేత్తే పడవెక్కించేత్తాననుకున్నావా? చెప్పులిప్పి ఎక్కు."

గడ్డిమీద కూర్చున్న తెలుగు పిల్లలు ఒక్కసారి తలలెత్తారు. మిగతా పిల్లలకు మాట తెలియకపోయినా తిట్టు తెలిసింది. వీరుడు గాల్లో పల్టీ కొట్టగానే ముసలమ్మ కూడా ఎగరబోయింది. బొమ్మ చేతినుంచి జారి, రంగస్థలం దాటి గడ్డిలో పడింది.

విమలకుమారి ఖాళీ చెయ్యి పైకెత్తి, అదే గొంతుతో, "సూత్తారేంటర్రా, నీళ్లల్లో పడిపోయాను. ఎవరన్నా పైకి లాగండి" అంది.

ముందు వరుసలోని అమ్మాయి బొమ్మను తెచ్చి ఇచ్చింది. "ఆంటీ, షీ ఈజ్ ఓకే. కొంచెమే వెట్ అయింది" అని అందరికీ వినపడేలా చెప్పింది. పార్కంతా నవ్వింది. గొంతు పోయిన చెన్ గారు శబ్దం లేకుండా నవ్వుతూ తెర కడ్డీని పట్టుకుని నిలబడ్డారు.

ఆట అయ్యాక ఒక తైవానీ ముసలావిడ వచ్చి విమలకుమారి చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. మేనకోడలు ఇంగ్లీషులోకి మార్చింది: "ఆ పడవావిడది ఏ ఊరని అడుగుతోంది. అచ్చం వాళ్లత్తగారిలా తిడుతోందట."

చెన్ గారి గొంతు వారంలో తిరిగొచ్చింది. ఆయన తన పాత్రలన్నీ వెనక్కి తీసుకున్నారు, ముసలమ్మను తప్ప. వేళ్ల సంగతి విమలకుమారి ఎప్పుడో మర్చిపోయింది.

వచ్చే ఆటలో ముసలమ్మకు మొగుణ్ణి కూడా పెట్టారు. ఆ గొంతు సుందర్ రాజ్‌ది. ఉన్నది ఒక్క మాటే: "సరేనే." దాన్ని అతను ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ రకరకాలుగా ప్రాక్టీస్ చేస్తున్నాడు.