కొండ లేని ఊళ్ళో కొండ నడక

మా చిన్నప్పుడు కొండంటే నాకు మేడమెట్లే... కువైట్‌లో, అర్దియాలో మేమున్న పాత మేడకి లిఫ్టు ఉన్నా లేనట్టే. సాయంత్రం గ్యారేజీ నుంచి వచ్చి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా నాయన నన్ను ఆ మెట్ల దగ్గరికి లాక్కెళ్ళేవాడు. ఊరికి పోయాక మామండూరు అడవిదారిన తిరుమలకి నడుస్తామని ఆయన మొక్కు. అందుకే ఈ తయారీ.

"దిగేటప్పుడు దూకొద్దు మే. పాదం అడ్డంగా పెట్టు. బరువు మోపే ముందర రాయి కదుల్తాదేమో చూసుకోవాల."

"రాయేది నాయనా? సిమెంటు కదా!"

"రాయనుకో. ఈ దేశంలో అన్నీ అనుకోవాల్సిందే."

జాబ్రియాలో ఒక ఇంట్లో పని చేసి అలిసిపోయి వచ్చిన అమ్మ, సత్తు గిన్నె తోముతూ పైనుంచి నవ్వేది... "మీ నాయన్ను ముందు కొండ చూపీమను!"

అన్నిటికన్నా పెద్ద పాఠం పిలుపు. మలుపులో మనిషి కనబడకపోతే "గోవిందా" అనాలి. అవతలివాళ్ళు "గోవింద" అనాలి. బదులొస్తే క్షేమమని అర్థం... ఇక ఆగక్కర్లేదు, ఎవరి నడక వాళ్ళది. నేను పై అంతస్తు నుంచి అరిచేదాన్ని, నాయన కింద నుంచి పలికేవాడు.

తొంభై ఆగస్టులో ఇరాక్ ట్యాంకులు కువైట్‌లోకి వచ్చాయి. గ్యారేజీ దోచేశారు. అమ్మ పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, "ఖలాస్... మీ ఊరికి వెళ్ళిపోండి" అని చెప్పి, తన పిల్లల్ని కారెక్కించుకుని పోయింది. మేమూ బయల్దేరాం. బాస్రా, బాగ్దాద్, ఆ తర్వాత జోర్డాన్ సరిహద్దులో డేరాలు... భయం వేసిందా అని అడుగుతుంటారు. ఏమో. ఇసుక గుర్తుంది. నోట్లో పళ్ళ మధ్య ఇసుక.

ఒక పొద్దున నాయన డబ్బా పట్టుకుని నీళ్ళ ట్యాంకరు దగ్గర లైన్లో ఉన్నాడు. ఉన్నట్టుండి మా డేరాల వాళ్ళకి విమానాశ్రయం బస్సు వచ్చింది. డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. ఇది పోతే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"పిలువు మే మీ నాయన్ను!" అంది అమ్మ.

"నాయనా" అన్నాను. అక్కడ ప్రతి పిల్లా అదే అరుస్తోంది. అప్పుడు మెట్లు గుర్తొచ్చాయి. గొంతు చించుకుని "గోవిందా!" అన్నాను.

లైన్లో సగం మంది కడప, రాజంపేట వాళ్ళే... లైను లైనంతా "గోవింద!" అంది. ఎవరో నవ్వారు కూడా. అందులో నాయన గొంతు ఉంది. వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి, డబ్బాని కాలితో ఒక అడుగు ముందుకు జరిపాడు.

బదులిచ్చాడు... అంటే క్షేమం. ఆపదైతే ఏమనాలో మెట్ల మీద ఆయన నేర్పలేదు.

బస్సు కదలబోయింది. మెట్టు మీద ఒక కాలు పెట్టిన అమ్మ వెనక్కి తిరిగి అరిచింది.

"ఓబులేసూ!"

ఆసుపత్రిలో మొగుడి పేరు అడిగినా నాచేత చెప్పించే మనిషి. లైన్లో ముగ్గురు ఓబులేసులు తిరిగి చూశారు. డబ్బా వదిలేసి పరిగెత్తింది ఒక్కడే.

బస్సులో రొప్పుతూ నాయన... "పేరు పెట్టి పిల్చినావే."

"నీళ్ళ డబ్బా యాడ?" అంది అమ్మ.

"పడేసినా."

అమ్మాన్ వచ్చేదాకా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆ యుద్ధం మీద తర్వాత నేను చదవని కరపత్రం లేదు. ఎవరి చమురు, ఎవరి లాభం... వాదనకి దిగితే నా గొంతు ఎంత లేస్తుందో మీకు తెలుసు. వాటిల్లో ఒక్కదాంట్లోనైనా డబ్బా పట్టుకుని నిలబడ్డ మా నాయన లేడు! మొన్న కొండ నడక జాగ్రత్తల మీద ఒక కరపత్రం చేతికొచ్చింది. క్షేమానికి ఒక పిలుపు, ఆపదకి వేరే పిలుపు ముందే అనుకోవాలట... చదివి, మడిచి పక్కన పెట్టాను. కోపం కూడా రాలేదు.

మొక్కు మాత్రం తీర్చుకున్నాం. అడవిదారిలో నాయన "గోవిందా" అంటే, వెనక నుంచి అమ్మ "గోవింద" అనేది. నాయన పేరు మళ్ళీ ఆమె నోట నేను వినలేదు.

ఇప్పుడు ఎవరెక్కడున్నారో ఫోనే చూపిస్తుంది... గొంతెత్తి పిలిచే పనే లేదు. మీ ఇంట్లో ఎప్పుడూ పలకని పేరు ఒకటి, ఒకే ఒక్కసారి గట్టిగా వినబడిన రోజు ఉంటే... కింద రాయండి. చదువుతాను.