అడ్డంగా మడిచిన ఓటు

మా మనవరాలు అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. మొన్న ఆదివారం అరుగు మీద నాకెదురుగా కూర్చుని, కాలేజీ వక్తృత్వ పోటీలో తను మాట్లాడబోయేదంతా చదివి వినిపించింది. దేశానికి దామాషా ప్రాతినిధ్యం కావాలా అక్కర్లేదా అన్నది విషయం. అంటే ఎవరికి ఎన్ని ఓట్లొస్తే ఆ వంతున సీట్లు పంచాలా, లేక ఇప్పటిలాగే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడికే సీటు కట్టబెట్టాలా అని. మా పిల్ల పంచాలనే పక్షం. మధ్యలో ఆగి, "అమ్మమ్మా, అన్ని ఎలక్షన్ డ్యూటీలు చేశావు కదా, ఒక్క ఓటుతో ఓడిపోయినవాళ్ళని ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది. లేదమ్మా అనేసి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలు లేవు.

నా ఈడు పంతులమ్మలకి ఆ డ్యూటీల భయం ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు. ఆర్డరు చేతికొచ్చిన రోజు నుంచీ అన్నం సయించేది కాదు. ఏ ఊరు వేస్తారో, అక్కడ ఎవరు ఎవరి మీద పడతారో, ఎక్కడ సంతకం తప్పి ఉద్యోగం మీదికి వస్తుందో అని ఒకటే గుబులు. అప్పటికి మా వారు మస్కట్ వెళ్ళి ఏడాది కాలేదు, పని కుదురుగా దొరకలేదు, ఇద్దరు పిల్లలతో ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఆ సమయంలో పంచాయతీ ఎన్నికలకి నన్ను ఐనవిల్లి వైపు ఒక ఊరికి వేశారు. ఊరి పేరు ఎందుకులెండి.

ఆ ఊరికి నడుమ కాలవ. ఇటు కొబ్బరితోటల రైతులు, అటు గట్టు మీద కూలీనాలీ చేసుకునేవాళ్ళు, మగవాళ్ళు గల్ఫుకెళ్ళిన ఇళ్ళు. కాలవ దాటడానికి ఒక తాటిదుంగే దారి. గట్టు వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఒక చిన్న వంతెన. వార్డుల హద్దులు ఎలా గీశారో గానీ ప్రతి వార్డులోనూ వాళ్ళు కొద్దిగా తక్కువే. గెలిచే ఆశ ఉన్నది నేను కూర్చున్న వార్డు ఒక్కటే. గట్టు వాళ్ళ గుర్తు కత్తెర, దాని కిందే రైతుల గుర్తు ఉంగరం.

నా పని ఓటు చీటీని మడిచి, విప్పి, ఓటరు చేతికివ్వడం. ముద్ర వేశాక వాళ్ళు ఆ మడతల మీదే మళ్ళీ మడిచి పెట్టెలో వేస్తారు. ముందు నిలువుగా మడవాలి, తర్వాత అడ్డంగా. అలా మడిస్తే ముద్ర తడి అదే వరసలో అంటుకుంటుంది. ముందే అడ్డంగా మడిస్తే పై గుర్తు మీది సిరా కింది గుర్తుకి అంటుతుంది. ట్రైనింగులో ఇది మూడుసార్లు చెప్పారు. కానీ నేను వారానికి రెండు ఉత్తరాలు మస్కట్‌కి రాసేదాన్ని కదా, ఎయిర్‌మెయిల్ కవరులో పట్టేలా కాగితాన్ని అడ్డంగా, మళ్ళీ అడ్డంగా మడవడం చేతులకి పట్టేసింది. పొద్దెక్కాక, వరసలో జనం తోసుకొస్తుంటే, ఒక చీటీ మడతకేసి చూసుకుంటే, ముందే అడ్డంగా మడిచేసి ఉంది. అప్పటికే అలాంటివి ఎన్ని వెళ్ళిపోయాయో తెలియదు. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం బడి గదిలోనే లెక్కింపు. కిటికీల నిండా మొహాలు, బయట కర్రలతో మనుషులు. చివరికి రెండు చీటీలు మిగిలాయి. రెండింటిలోనూ కత్తెర మీద ముద్ర నల్లగా ఉంది, ఉంగరం మీద తిరగబడిన పల్చటి మరక ఉంది. "రెంటికీ వేసేరండీ, చెల్లవు" అన్నారు రైతుల ఏజెంటు. గట్టు తరఫు పెద్దాయన మాత్రం చేతులు కట్టుకుని, "మడతలో అంటిందేమోనండీ, కాస్త చూడండీ" అన్నారు. మా అధికారి, రిటైరవబోతున్న హెడ్మాస్టరుగారు, చీటీలు వెలుగులో పెట్టి చూసి, నా వైపు తిరిగి, "ఏమంటారు టీచరుగారూ?" అన్నారు. మడతలో అంటిన మరకకి ఓటు చెడదని నాకు తెలుసు. కానీ ఆ మాటంటే ఎవరు మడిచారన్న ప్రశ్న వస్తుంది.

"మీ ఇష్టమండీ" అన్నాను.

మన గోదావరి జిల్లాల్లో మర్యాదకి రోజుకి పదిసార్లు అనే మాటే. ఆయన ఆ రెండింటినీ చెల్లనివాటిలో వేశారు. కత్తెర ఒక్క ఓటుతో ఓడింది. ఊరి మొత్తం మీద దాదాపు సగం ఓట్లు తెచ్చుకున్న గట్టు వాళ్ళకి పంచాయతీలో ఒక్క మనిషీ లేకుండా పోయాడు.

తర్వాత ఆ దారిలో వెళ్ళడం మానేశాను. ఐనవిల్లి గుడికి వెళ్ళాలన్నా చుట్టు తిరిగే వెళ్ళేదాన్ని. వానాకాలం వస్తే పేపరు తీయాలంటే భయం, ఆ కాలవలో ఎవరైనా పడ్డారని ఉంటుందేమోనని. నాలుగేళ్ళకి కొత్తపేట బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "ఆయ్, మీరే కదండీ, మా ఊళ్ళో చీటీలు మడిచి ఇచ్చేరు. ఎంతో ఓపిగ్గా చెప్పేరండీ అందరికీ" అంది. తర్వాత మామూలుగానే, వాళ్ళత్తగారు దుంగ మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నారనీ, మంచం దిగకుండానే పోయారనీ చెప్పింది. "మా మనిషి ఒక్కరుంటే ఆ వంతెన అడిగేవోరండీ" అంది. నేను దిగాల్సిన చోటు కాకపోయినా దిగిపోయాను.

దామాషా మాటెత్తితే మా వారు ఒప్పుకోరు, సీట్లు అలా పంచితే పదిమంది పది వైపులా లాగి ఒక్క పనీ తెమలదంటారు. అదీ నిజమే కావచ్చు, నాకంత తెలియదు. నాకు తెలిసిందల్లా, అక్కడ ఆ వంతున పంచి ఉంటే నా చేతి తప్పు వల్ల రెండు ఓట్లు పోయేవేమో గానీ సగం ఊరి నోరు మూతపడేది కాదు.

ఇప్పుడు చాలాచోట్ల మీట నొక్కితే సరిపోతోంది, చీటీ లేదు, సిరా లేదు, మడతా లేదు. కాలవ మీద సిమెంటు వంతెన కూడా వచ్చిందట. ఆ వంతెన మీద నడవడానికి ఆ అత్తగారు లేరు. నా భయం మాత్రం ఆనాటిదే, ఇప్పుడది ఉద్యోగం గురించి కాదు, మనవరాలు నన్ను ఏ కళ్ళతో చూస్తుందోనని. పోటీ శుక్రవారం. అడిగింది కదా, చూశావా అని. ఇదంతా రాసిన ఈ కాగితాలు దాని పుస్తకంలో పెడుతున్నాను. ముందు నిలువుగా మడిచాను.