రాణి సమాధి మీద నా ముఖం

2022లో ముంబై గోరేగావ్‌లోని ఒక స్టూడియోలో సినిమా సెట్ వేశాం. నేను మోల్డింగ్ మేస్త్రీని. పీఓపీతో, అంటే ప్లాస్టరాఫ్ పారిస్‌తో, రాతిలా కనిపించే స్తంభాలు, బొమ్మలు పోస్తాను. ఇల్లు కామాటిపురాలో, తాతల నాటి చాల్‌లోనే, వరస గదుల పాత మేడలో.

ఆ సెట్ పారిస్ దగ్గరున్న ఒక పాత మఠం చర్చి. కోసుగా లేచిన కమానులు, రంగుల గాజు కిటికీలు, వరసగా రాజుల సమాధులు, వాటి మీద పడుకున్న రాతి బొమ్మలు. ఆర్ట్ డైరెక్టర్ ఫొటోలు చూపించి చరిత్ర చెప్పాడు. ఫ్రాన్సు రాజులను వందల ఏళ్లు అక్కడే పూడ్చారట. విప్లవం వచ్చినప్పుడు జనం సమాధులు తవ్వి ఎముకలన్నీ గోతుల్లో పడేశారట. తర్వాత తీసి చూస్తే ఏ ఎముక ఏ రాజుదో తెలియక అన్నీ ఒకేచోట పెట్టి మూసేశారట. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

రాణి బొమ్మకు ముఖం కావాలి. పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడి కలిపి మనిషి ముఖానికి పూసి అచ్చు తీస్తాం. మా దగ్గర పీఓపీ మోసే సాయమ్మది పాలమూరు. “రాణివైతవు, కూసో” అన్నాను. నవ్వుతూ కూర్చుంది.

ఆరు కాపీలు పోశాం. విప్లవం సీన్‌లో గుంపు వాటిని సుత్తెలతో పగలగొడుతుంది, టేకుకు ఒకటి. ఆ సంగతి నాకు తెలుసు, సాయమ్మకు చెప్పలేదు. అందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం.

రిహార్సల్లో సుత్తె ఎత్తడం చూసి ఆమె పరుగున వచ్చింది.

“నా మొకం పలగ్గొడ్తరా మేస్త్రీ? బతికున్నదాన్ని గదా! ఇంట్ల నా బిడ్డకు నెలలు నిండినయి, నేడో రేపో కాన్పు. ఇదేం అపశకునం?”

వేరే ముఖంతో పోస్తానని ఆర్ట్ డైరెక్టర్‌ను బతిమాలాను. “అరే యార్, ప్లాస్టర్ హీ తో హై!” ఉత్త ప్లాస్టరే కదా అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎన్నడో చచ్చిన రాజుల ఎముకలకు ఏడ్చిన మనిషి ఇతనే. ఎదురుగా వణుకుతున్న ఆడమనిషి ముఖం మాత్రం ప్లాస్టర్! ఈ ఊళ్లో అలాంటి కమానుల కట్టడాలకు రాళ్లు మోసింది మా తాతలే. వాళ్లనూ ఇలాగే చూసి ఉంటారు.

ఇక ఎవర్నీ అడగలేదు. సెలూన్‌కు వెళ్లి మీసం తీయించుకుని, నా ముఖానికే అచ్చు తీయించి, రాణి ముఖాలు ఆరూ మళ్లీ పోశాను. మాలో తల్లో తండ్రో పోతేనే మీసం తీస్తారు. చాల్ మెట్ల మీద అమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది.

“నేను సచ్చిన్నారా? ఎవలు పొయిన్రని తీసినవు?”

జరిగింది చెప్పాను.

“నీ మొకం పలిగితే నాకు మంచిగుంటదా?”

“తప్పు నాదే కదనే అమ్మా.”

“గా పిల్లకు ముందుగాల్నే చెప్పనీకి నీ బుద్ధి గడ్డి తిన్నదా?” అంది. మర్నాడే పాత ముఖాలు ఆరూ సాయమ్మ చేతిలో పెట్టాను.

సాయమ్మ తన ముఖాలు ఆరూ గోనెసంచిలో తీసుకెళ్లి, పసుపు కుంకుమ పెట్టి, గణపతిని కలిపినట్టే చౌపాటీ దగ్గర సముద్రంలో కలిపి వచ్చింది.

షూటింగ్‌లో నా ముఖం ఆరుసార్లు పగిలింది. “క్యా గుస్సా హై రాణీ కే చెహరే పే!” రాణి ముఖంలో ఎంత కోపమో అని ఆర్ట్ డైరెక్టర్ నా భుజం తట్టాడు. ఆ ముఖం ఎదురుగానే ఉన్నా గుర్తుపట్టలేదు.

మీసం మళ్లీ పెరిగింది. ఇప్పుడు ఎవరి ముఖానికి ఆల్జినేట్ పూయాలన్నా, ఆ అచ్చును చివరికి ఏం చేస్తారో ముందే చెబుతాను. వద్దంటే నా ముఖం ఉంది, సెలూన్ పక్కనే ఉంది.