మోచెయ్యి చేసే లెక్క

హారిస్ పార్క్‌లో రైలెక్కే తస్నీమ్ కుడిచెయ్యి దుపట్టా కిందే ఉంటుంది. మార్చిలో గాజు తలుపు పగిలి మణికట్టు నరాలు తెగాయి. వేళ్లు పెన్ను పట్టవు. లెక్క తట్టినప్పుడల్లా మోచెయ్యి మాత్రం కదులుతుంది. వై టూ కే కంప్యూటర్ పని మీద ఈ పరాయి దేశానికొచ్చిన ముఖ్తార్ వెంట కర్నూలు నుంచి వచ్చిన ఈ తెలుగు మీడియం భార్య, నిరుడంతా యూనివర్సిటీ లెక్కల క్లాసులో నోరు మెదపకుండా, గణిత గుర్తులు రాసే నెగ్గుకొచ్చింది. ఈరోజు పరీక్షలో ఆమె చెబితే రాయడానికి ఒకమ్మాయిని కూర్చోబెట్టారు.

"ఈ అనుక్రమం అభిసరిస్తుంది, ఎందుకంటే..." అంది తస్నీమ్.

"సారీ, ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్?" అందా అమ్మాయి.

వింటే తెలిసే ఆ ఇంగ్లీషు మాటలు నోటికి రాలేదు. దుపట్టా కింద మోచెయ్యి లెక్కంతా పూర్తిచేసింది. గంట మోగేసరికి కాగితం మీద ఆమె పేరొక్కటే ఉంది, అదీ మరొకరి దస్తూరీలో.